పెల్టియర్ పలకతో కూలింగ్ బాక్స్: కాసేపు చల్లబడి మళ్లీ వేడెక్కుతోంది, వోల్టేజ్ పెంచితే ఇంకా ఘోరం

కొత్తచెయ్యి

అందరికీ నమస్కారం. మా అమ్మ ఇన్సులిన్ వాడుతుంది. ప్రయాణాల్లో ఆ సీసాలు పట్టుకెళ్లడానికి 12 వోల్టుల బ్యాటరీ మీద నడిచే చిన్న చల్లటి డబ్బా సొంతంగా చేద్దామని మొదలుపెట్టాను. కంప్రెసర్ ఉండదు, గ్యాస్ ఉండదు, రెండు వైర్లు కలిపితే చాలు ఒకవైపు చల్లబడుతుంది అని చదివి ముచ్చటపడ్డాను.

నా దగ్గరున్న సరంజామా ఇదీ. టీఈసీ1-12706 అనే పెల్టియర్ పలక (కరెంటు ఇస్తే ఒకవైపు చల్లబడి, రెండోవైపు వేడెక్కేది) ఒకటి. 12 వోల్టుల 5 ఆంప్స్ అడాప్టర్. బయటివైపు పాత కంప్యూటర్ ప్రాసెసర్ మీద నుంచి పీకిన అల్యూమినియం హీట్ సింక్ (వేడిని గాలిలోకి వదిలే రేకుల దిమ్మ), దాని ఫ్యానుతో సహా. లోపలివైపు చిన్న ఫిన్ల (సన్నటి రేకుల) పలక, బుల్లి ఫ్యాను. డబ్బా సుమారు 6 లీటర్లు, థర్మోకోల్ గోడ మందం 2 సెంటీమీటర్లు. రెండు హీట్ సింకులనీ పలకకి నొక్కి పట్టడానికి నాలుగు పొడవాటి ఇనుప బోల్టులు.

గది 32 డిగ్రీలు. ఆన్ చేశాక లోపల 18 దాకా దిగింది. భలే అనుకునేలోపే మెల్లగా పైకి పాకి 21 దగ్గర ఆగిపోయింది. బయటి హీట్ సింక్ మీద చెయ్యి ఆనించలేం. మల్టీమీటర్‌తో వచ్చిన, వేడి కొలిచే థర్మోకపుల్ వైరు దాని అడుగున పెడితే 74 చూపించింది. శక్తి చాలట్లేదేమో అని వేరియబుల్ సప్లై అరువు తెచ్చి 14 వోల్టులు ఇచ్చాను. లోపల వేడి ఇంకా పెరిగింది!

నా సందేహాలు:

ఒకటి, పలక నకిలీదా? రెండు, ఒకదాని మీద ఒకటి రెండు పలకలు పేరిస్తే పని జరుగుతుందా? మూడు, బయటివైపు అంత వేడి ఊరికే పోతోంది కదా, అక్కడ ఇంకో పలక పెట్టి దాంతో కరెంటు పుట్టించి ఫ్యాను తిప్పుకోవచ్చా? నాలుగు, చల్లబడ్డాక రిలేతో ఆపేసి, వేడెక్కితే మళ్లీ ఆన్ చేసే థర్మోస్టాట్ పెడదామనుకుంటున్నాను, సరేనా? ఇంకోటి, వైర్లు తిప్పి కలిపితే ఇదే డబ్బా వెచ్చబడుతుందని విన్నాను, నిజమేనా?

---

స్క్రూడ్రైవర్

12706 చిన్నది బాస్. 12715 వేసెయ్. నేను అదే వాడతాను, మంచు పేరుకుంటుంది.

---

రాగిపలక

కొత్తచెయ్యి గారూ, మీ పలక నకిలీది కాదు. అది చెయ్యాల్సిన పని చేస్తోంది. మీ డబ్బాలో జబ్బు బయటివైపు ఉంది, ఆ 74లోనే ఉంది.

ప్రయోగశాలల పరికరాలు బాగు చెయ్యడం నా వృత్తి. లేజర్ డయోడ్లు, స్పెక్ట్రోమీటర్ల కెమెరాలు, డీఎన్ఏ పెంచే పీసీఆర్ యంత్రాలు, వీటన్నిటి కడుపులోనూ ఈ పలకలే ఉంటాయి. "చల్లబడట్లేదు" అని నా బల్ల మీదికి వచ్చిన వాటిలో పలక పాడైనవాటికన్నా, దుమ్ము పట్టిన ఫిన్లు, ఆగిపోయిన ఫ్యాను, ఎండిపోయిన థర్మల్ పేస్ట్ (పలకకీ సింక్‌కీ మధ్య పూసే, వేడిని దాటించే ముద్ద) ఉన్నవే ఎక్కువ.

ముందు లోపల ఏం జరుగుతుందో చూద్దాం. ఆ 4 సెంటీమీటర్ల చదరం తెల్లటి పింగాణీ ముక్కల మధ్య బిస్మత్ టెల్యూరైడ్ అనే సెమీకండక్టర్ దిమ్మెలు 127 జతలు ఉంటాయి. పేరులోని 127 అదే. చివరి 06 అంటే 6 ఆంప్స్. కరెంటు వాటన్నిటి గుండా ఒకదాని తర్వాత ఒకటిగా పోతుంది, వేడి మాత్రం అన్నిటిలోంచీ ఒకేసారి ఒకవైపు నుంచి ఇంకోవైపుకి పోతుంది. పలక చల్లదనాన్ని పుట్టించదు. బావిలో మోటారు నీళ్లు తోడినట్టు ఇది వేడిని తోడుతుంది. తోడింది పోయే కాలువ పూడుకుపోతే అదంతా మళ్లీ బావిలోకే వస్తుంది.

ఇందులో మూడు లెక్కలు ఒకేసారి నడుస్తాయి. కరెంటు ఎంత పోతే అంత వేడిని చల్లవైపు నుంచి లాగుతుంది. అదే కరెంటు పలక నిరోధం వల్ల లోపల వేడి పుట్టిస్తుంది, అందులో సగం చల్లవైపుకే వస్తుంది. మూడోది, వేడివైపుకీ చల్లవైపుకీ ఎంత తేడా ఉంటే అంత వేడి ఆ దిమ్మెల్లోంచే వెనక్కి జారుతుంది. మొదటిది కరెంటుతో పాటు పెరుగుతుంది. రెండోది కరెంటు వర్గంతో పెరుగుతుంది, అంటే కరెంటు రెట్టింపు చేస్తే ఆ వేడి నాలుగింతలు. మీరు 14 వోల్టులు ఇచ్చినప్పుడు గెలిచింది ఆ రెండోది. హీట్ సింక్ ఇంకా కాలింది, మూడోది కూడా దానికి తోడైంది.

12706కి సుమారు అంకెలు చెప్తాను, చేత్తో లెక్క కట్టుకోవచ్చు. డిగ్రీ తేడాకి 0.05 వోల్టు, నిరోధం 2 ఓములు, డిగ్రీకి 0.55 వాట్లు వెనక్కి జారుతుంది. మీ పరిస్థితిలో తేడా 55 పైమాటే అనుకుంటే, 12 వోల్టుల దగ్గర పలక 4.6 ఆంప్స్ లాగుతుంది, అంటే 55 వాట్లు. ఆ 55 వాట్లూ, దాంతో పాటు డబ్బాలోంచి తోడిన వేడీ కలిపి మీ హీట్ సింక్ వదిలించుకోవాలి. 74 మైనస్ 32 అంటే 42 డిగ్రీలు, దాన్ని అరవై చిల్లర వాట్లతో భాగిస్తే వాటుకి 0.7 డిగ్రీలు. మన పనికి అది చాలా చిన్న హీట్ సింక్. రాగి గొట్టాలున్న నిలువు ప్రాసెసర్ కూలర్, ఆ టవర్ రకం, వాటుకి 0.2 దగ్గర ఉంటుంది. అది పెట్టండి.

స్క్రూడ్రైవర్ గారి 12715 సంగతి. దాని నిరోధం 12706లో సగం కన్నా తక్కువ, 12 వోల్టులు ఇస్తే 10 ఆంప్స్ దాకా లాగుతుంది. ఈయన అడాప్టర్ చేతులెత్తేస్తుంది. అడాప్టర్ మార్చినా, 60 వాట్లకే చెమటలు పడుతున్న హీట్ సింక్ మీద ఇంకో 60 వాట్లు రుద్దినట్టు. మీ దగ్గర మంచు పేరుకుంటోందంటే మీ హీట్ సింక్ గట్టిదన్నమాట. ఆ ఘనత దానిది.

ఇప్పుడు ఒక చిన్న పరీక్ష. ఏమీ కొనకుండా, ఉన్న సెట్టప్ మీదే సప్లైని 9 వోల్టులకి దించండి. లోపల వేడి పెరుగుతుందని అనిపిస్తుంది కదా? పెరగదు. కొంచెం తగ్గినా తగ్గొచ్చు.

టవర్ కూలర్ పెట్టాక, లోపలి ఫిన్ సున్నా దగ్గర ఉండాలంటే నా లెక్క ఇలా వస్తోంది: 12 వోల్టుల దగ్గర 57 వాట్లు తిని 17 వాట్ల వేడి తోడుతుంది. 9 దగ్గర 31 వాట్లు తిని 13 తోడుతుంది. 7.5 దగ్గర 21 తిని 9 తోడుతుంది. 9 నుంచి 12కి వెళ్తే ఖర్చు దాదాపు రెట్టింపు, లాభం 4 వాట్లు. చేతిలో 12 వోల్టుల అడాప్టర్ ఉంది కాబట్టి అందరూ 12 ఇచ్చేస్తారు. అది పలక అడిగిన వోల్టేజ్ కాదు.

మరి మీ డబ్బాకి ఎంత కావాలి? 2 సెంటీమీటర్ల థర్మోకోల్‌తో 6 లీటర్ల డబ్బా బయట 32, లోపల 5 ఉంటే గోడల్లోంచి 11 వాట్ల దాకా లోపలికి దూరుతుంది. గోడ 5 సెంటీమీటర్లు చేస్తే అది 6కి పడిపోతుంది. పలక మీద పెట్టే ఖర్చు థర్మోకోల్ మీద పెట్టండి అని అందుకే అంటాను. ఎవరికీ నచ్చని సలహా ఇది. థర్మోకోల్ అతికించడంలో మజా ఏముంది?

ఇక మీ ఇనుప బోల్టులు. అవి వేడి సింకునీ చల్ల సింకునీ నేరుగా కలిపేస్తున్నాయి. 3 సెంటీమీటర్ల బోల్టులు నాలుగు, 50 డిగ్రీల తేడా మీద 4 వాట్ల దాకా వెనక్కి మోస్తాయి. మీరు కష్టపడి తోడినదాంట్లో పెద్ద వాటా అది. బోల్టు తల కింద నైలాన్ వాషరు, బోల్టు చుట్టూ నైలాన్ గొట్టం వెయ్యండి, సన్నటి స్టెయిన్‌లెస్ స్టీల్ బోల్టులైతే ఇంకా మేలు.

పలక మందం 4 మిల్లీమీటర్ల లోపే. అందుకని రెండు హీట్ సింకులూ మూతులు కలిపినంత దగ్గరగా కూర్చుంటాయి, మధ్యలో గాలి తప్ప ఇంకేమీ ఉండదు. దీనికి మేము చేసే పని ఏంటంటే, చల్లవైపు పలకకీ ఫిన్లకీ మధ్య అదే 4 సెంటీమీటర్ల కొలతలో అల్యూమినియం దిమ్మె ఒకటి పెడతాం, 25 మిల్లీమీటర్ల మందంతో. అప్పుడు గోడ మందంగా పెట్టుకోవడానికి చోటు దొరుకుతుంది. దిమ్మె చుట్టూ, పలక అంచుల చుట్టూ ఫోమ్ కూరండి. పలక అంచులు నాలుగువైపులా సిలికాన్‌తో మూసెయ్యండి. లేకపోతే గాలిలో తేమ చల్లవైపు నీరై పలక లోపలికి దిగి సెమీకండక్టర్ దిమ్మెల సోల్డర్‌ని (అతికించే లోహాన్ని) తినేస్తుంది. అలా చచ్చిన పలక పింగాణీ విప్పి చూస్తే ఒక మూల దిమ్మెలు పచ్చగా చిలుము పట్టి ఉంటాయి.

పేస్ట్ పల్చగా. మందంగా పూస్తే అదే అడ్డం. బోల్టులు ఒకటి పూర్తిగా బిగించి తర్వాత ఇంకోటి బిగించకండి; ఎదురెదురువి కొంచెం కొంచెం బిగిస్తూ పోవాలి, లేదంటే పింగాణీ చిట్లుతుంది.

రెండు పలకలు పేర్చడం గురించి: ఒకే సైజువి పేరిస్తే లాభం లేదు. చల్లవైపు పలక తోడిన వేడి, అది తిన్న కరెంటు వేడి, రెండూ కలిపి రెండో పలక తొయ్యాలి. అందుకే నిజమైన బహుళ అంతస్తుల పలకలు మెట్ల పిరమిడ్‌లా ఉంటాయి, చల్లవైపు చిన్నది, కిందకి వచ్చేకొద్దీ పెద్దది. ఇన్‌ఫ్రారెడ్ సెన్సర్లకి అవి వాడతారు. మీకు అక్కర్లేదు.

రిలే థర్మోస్టాట్ మాత్రం వద్దు. కంప్రెసర్ ఫ్రిజ్ ఆగితే ఆగిపోతుంది, అంతే. ఇది ఆగితే వేడివైపు నుంచి చల్లవైపుకి ఎదురు దారి తెరుచుకుంటుంది. 40 డిగ్రీల తేడా మీద ఆ దారిలోంచి మొదట 22 వాట్లు వెనక్కి వస్తాయి. గోడ 5 సెంటీమీటర్లు చేశాక మీ గోడల్లోంచి వచ్చేది 6! ఆపకండి, తగ్గించండి. పీడబ్ల్యూఎం (కరెంటుని గబగబా ఆన్, ఆఫ్ చేసే పద్ధతి) కూడా నేరుగా పలకకి ఇవ్వకండి. 6 ఆంప్స్‌ని సగం సేపు ఆన్, సగం సేపు ఆఫ్ చేస్తే సగటు 3 ఆంప్సే, కానీ లోపల పుట్టే వేడి నికరంగా 3 ఆంప్స్ ఇచ్చినప్పటికి రెట్టింపు. బక్ కన్వర్టర్ (వోల్టేజ్ దించే సర్క్యూట్) పెట్టి వోల్టేజ్‌నే నున్నగా పైకీ కిందకీ జరపండి.

---

కొత్తచెయ్యి

రాగిపలక గారూ, చేతులెత్తి దండం. 9 వోల్టుల పరీక్ష వెంటనే చేశాను. 21 ఉన్నది 20 అయింది! బయటి సింక్ 74 నుంచి 57కి వచ్చింది. సప్లై కూడా చల్లగా ఉంది. కరెంటు తగ్గిస్తే ఎక్కువ చల్లబడటం నా కళ్లతో నేను చూడకపోతే నమ్మేవాణ్ని కాదు.

ఇంకో వింత. పలక పాడైందేమో అని విప్పి మల్టీమీటర్‌తో ఓములు చూస్తే అంకె ఒక చోట నిలబడట్లేదు. ప్రోబులు తిప్పి పెడితే వేరే అంకె వస్తోంది. ఇది మామూలేనా? మూడో సందేహానికి ఎవరూ జవాబివ్వలేదు, ఆ వేడితో కరెంటు సంగతి.

---

వోయేజర్_అభిమాని

మీ ఓముల వింతే మీ మూడో సందేహానికి మొదటి పాఠం. మల్టీమీటర్‌ని మిల్లీవోల్టుల మీద పెట్టి పలక వైర్లు కలపండి, ఏ బ్యాటరీ లేకుండా. పలకని బల్ల మీద పెట్టి పైన అరచెయ్యి ఆనించండి. అంకె ఎగురుతుంది. తిరగేసి ఇంకోవైపు చెయ్యి పెడితే అదే అంకె మైనస్‌లో వస్తుంది. మీ చేతి వెచ్చదనం కరెంటయింది. ఓములు కొలిచేటప్పుడు కూడా అదే చిన్న వోల్టేజ్ మీటర్‌ని తికమక పెడుతోంది. రెండువైపులా కొలిచి సగటు తీస్తే నిజానికి దగ్గరగా వస్తుంది.

దీన్ని మొదట గమనించింది సీబెక్, 1821లో. దీనికి ఎదురుది, అంటే కరెంటు ఇస్తే అతుకు చల్లబడటం, 1834లో పెల్టియర్ చూశాడు. నాకు ఇష్టమైనది మాత్రం 1838లో లెంజ్ చేసింది. బిస్మత్ కడ్డీ, యాంటిమొనీ కడ్డీ కలిసే చోట ఒక నీటి బొట్టు పెట్టి కరెంటు పంపాడు, బొట్టు గడ్డకట్టింది. కరెంటు దిశ తిప్పాడు, కరిగింది. మీ "వైర్లు తిప్పితే వెచ్చబడుతుందా" ప్రశ్నకి జవాబు అప్పటి నుంచీ ఉంది. పైగా వెచ్చబెట్టేటప్పుడు ఇది మామూలు హీటర్ కన్నా మెరుగు, ఎందుకంటే తిన్న కరెంటంతా వేడిగా ఇస్తుంది, దాని మీద బయట నుంచి తోడుకొచ్చిన వేడి అదనం.

ఇక మీ హీట్ సింక్ వేడితో కరెంటు. ఆలోచన అందరికీ వస్తుంది, నాకూ ముచ్చటే, కానీ లెక్క దగ్గర ఆగిపోతుంది. మీరు మంచి కూలర్ పెట్టాక వేడివైపు 41, గది 32. 9 డిగ్రీల తేడా. ఏ యంత్రమైనా సరే, ఆ తేడా మీద వేడిలో నూటికి 3 వంతుల కన్నా ఎక్కువ కరెంటుగా మార్చలేదు, అది ప్రకృతి గీసిన గీత. ఈ పలకలు ఆ మూడులోనూ ఐదో వంతో ఆరో వంతో అందుకుంటాయి. 44 వాట్ల వేడిలో పావు వాటు చేతికొస్తే గొప్ప. ఫ్యానుకి 2 వాట్లు కావాలి.

అసలు దెబ్బ అది కూడా కాదు. రాగిపలక గారు ఇచ్చిన అంకె చూడండి, డిగ్రీకి 0.55 వాట్లు. తిరగేస్తే వాటుకి 1.8 డిగ్రీలు. ఆ 44 వాట్లు రెండో పలకలోంచి దాటాలంటే దాని రెండువైపుల మధ్య 80 డిగ్రీల తేడా రావాలి. అంటే పావు వాటు కోసం మీ వేడివైపుని 110 దాటిస్తున్నారన్నమాట. చల్లదనం అక్కడితో సరి.

కరెంటు పుట్టించడానికి ఇవి పనికిరావని కాదు. తేడా పెద్దది ఉండాలి, వేడి ఎటూ వృథాగానో ఊరికేనో దొరుకుతూ ఉండాలి. నా పేరు చూశారుగా! 1977లో వెళ్లిన రెండు వోయేజర్ అంతరిక్ష నౌకలూ ఇలాంటి జతల మీదే బతుకుతున్నాయి. ప్లుటోనియం-238 అనే రేడియోధార్మిక లోహం తనంతట తాను వేడిగా ఉంటుంది, దాని చుట్టూ సిలికాన్ జెర్మేనియం జతలు, వేడివైపు దాదాపు 1000 డిగ్రీలు, చల్లవైపు దాదాపు 300. ఒక్కో నౌకలో అలాంటి జనరేటర్లు మూడు, బయలుదేరినప్పుడు మూడూ కలిపి 470 వాట్లు ఇచ్చాయి. అందులో తిరిగే భాగం లేదు, అరిగే భాగం లేదు. ప్లుటోనియం వేడి సగానికి తగ్గడానికే 88 ఏళ్లు. కరెంటు దానికన్నా వేగంగా తగ్గుతోంది, ఎందుకంటే జతలు కూడా ముసలివవుతాయి. అంగారకుడి మీది క్యూరియాసిటీ బండిలో అలాంటి దానికి 2000 వాట్ల వేడి ఉంటే, మొదట్లో చేతికొచ్చింది 110 వాట్లు. నూటికి ఐదున్నర. అంత డబ్బు, అంత వేడి ఉండీ అంతే.

భూమ్మీద మీకు సరదా కావాలంటే పొయ్యి మీద ప్రయత్నించండి. పెల్టియర్ పలకకి మంట వైపు అల్యూమినియం పలక, ఇంకోవైపు నీళ్ల గిన్నె. పలకకి నిజంగా 100 డిగ్రీల తేడా అందితే 5 వోల్టుల దాకా వస్తుంది, లోడు కలిపాక దాంట్లో సగం, అంటే రెండు మూడు వాట్లు. ఎక్కువ శక్తి దక్కేది సరిగ్గా ఆ సగం వోల్టేజ్ దగ్గరే. బూస్ట్ కన్వర్టర్ (వోల్టేజ్ పెంచే సర్క్యూట్) పెడితే ఫోను మెల్లగా ఛార్జ్ అవుతుంది.

---

రాగిపలక

పొయ్యి మాటకి చిన్న బ్రేక్. చల్లబరిచే 12706ని మంట మీద పెట్టకండి. లోపలి సోల్డర్ సాధారణంగా 138 డిగ్రీలకే కరిగే రకం. ఒక నిమిషంలో 127 జతలూ సూపు. కరెంటు పుట్టించడానికని విడిగా అమ్మే పలకలుంటాయి, వాటి సోల్డర్ ఇంకా ఎక్కువ తట్టుకుంటుంది, దిమ్మెల కొలతలు కూడా వేరు. నీళ్లు ఆవిరైపోకుండా చూసుకోండి, అవి పోతే రెండువైపులా ఒకటే వేడి, కరెంటు సున్నా, పలక బూడిద.

దిశ తిప్పడం గురించి కూడా ఒక మాట: పనిచేస్తుండగా గభాలున తిప్పకండి. ఆపి, రెండువైపులా గది వేడికి వచ్చాక తిప్పండి. పింగాణీ ఒకవైపు సాగుతూ ఒకవైపు కుంచించుకుంటూ ఉంటుంది, ఆ లాగుడు దిమ్మెల అతుకుల మీద పడుతుంది. పీసీఆర్ యంత్రంలో రోజంతా పైకీ కిందకీ ఆడించడం కోసమే ప్రత్యేకంగా చేసిన పలకలు వేస్తారు. మామూలువి అక్కడ వేస్తే ఎక్కువకాలం ఆగవు, నిరోధం మెల్లగా పెరగడం మొదలైతే ఇక దాని రోజులు దగ్గరపడ్డాయని అర్థం.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. కొత్తచెయ్యి గారూ, ఇది చెప్పకుండా ఉండలేను. అమ్మగారి ఇన్సులిన్‌కి ఈ డబ్బా వద్దు.

బ్యాటరీ లెక్క చూడండి. పలకకి 31, ఫ్యాన్లకి 3, మొత్తం 34 వాట్లు. 12 వోల్టుల 7 ఆంపియర్ అవర్ లెడ్ బ్యాటరీలో 84 వాట్ అవర్లు ఉంటాయి, సగానికి మించి వాడితే దాని ఆయుష్షు పోతుంది. గంటా పావు వస్తుంది. ఆ బ్యాటరీ బరువు రెండు కిలోల పైన. అదే బరువు మంచు తీసుకుంటే? కిలో మంచు కరగడానికి 93 వాట్ అవర్ల వేడి మింగుతుంది. అర కిలో జెల్ ప్యాక్, 5 సెంటీమీటర్ల గోడ ఉన్న మీ డబ్బాలోనే పెడితే ఏడు గంటలు గడుస్తుంది, ఏ ఫ్యానూ లేకుండా. అంత చల్లదనం ఈ పలకతో తోడాలంటే బ్యాటరీ నుంచి 110 వాట్ అవర్లు కావాలి.

రెండోది ఇంకా ముఖ్యం. తెరవని ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, గడ్డ మాత్రం కట్టకూడదు. ఒకసారి గడ్డకట్టింది కరిగాక పైకి మామూలుగా కనిపించినా వాడకూడదు, పారెయ్యాలి. మీ డబ్బాలో గాలి 5 చూపిస్తున్నప్పుడు ఫిన్ సున్నా కింద ఉండొచ్చు, దానికి ఆనుకున్న సీసా గడ్డకడుతుంది, మీకు తెలీదు. ఫ్యాను ఆగితే ఇంకోరకం కథ, పైన చెప్పిన ఎదురు దారిలోంచి వేడి లోపలికి తన్నుకొస్తుంది. జెల్ ప్యాక్‌కి కూడా సీసా నేరుగా తగలకూడదు, మధ్యలో గుడ్డ మడతో ఫోమో ఉండాలి. వాడకం మొదలెట్టిన సీసాని చాలా రకాలకి గది వేడిలోనే కొన్ని వారాలు ఉంచుకోవచ్చు. ఎంత వేడి, ఎన్ని రోజులు అన్నది మీ సీసాతో వచ్చిన కాగితంలో చూడండి, లేదా ఫార్మసిస్ట్‌ని అడగండి. ప్రయాణంలో అసలు చల్లబెట్టే అవసరం ఎంతో అప్పుడు తేలుతుంది.

ఇన్ని చెప్పి ఈ పలక ఎందుకు అంటారేమో. లేజర్ డయోడ్‌ని 25.00 డిగ్రీల దగ్గర, డిగ్రీలో వందో వంతు కూడా కదలకుండా పట్టుకోవాలంటే కంప్రెసర్ చేత కాదు. అక్కడ తోడాల్సింది రెండు మూడు వాట్లు, చోటు అగ్గిపెట్టెంత, కొంచెం వేడెక్కితే చల్లబరచాలి, కొంచెం చల్లబడితే వెచ్చబెట్టాలి. అంత చిన్న చోట రెండువైపులా పనిచేసేది ఇదే. అందులో కరెంటు ఎంత తింటుందని ఎవరూ అడగరు.

---

స్క్రూడ్రైవర్

ఒప్పుకున్నా. నాది నిజంగానే టవర్ కూలర్, రెండు ఫ్యాన్లు. సప్లై కూడా పాత కంప్యూటర్‌ది, 20 ఆంప్స్ ఇస్తుంది. 9 వోల్టులు నేనూ వేసి చూస్తా.

---

కొత్తచెయ్యి

అర్థమైంది సార్. అమ్మ సీసాతో వచ్చిన కాగితం తీసి చదివాను, ఫార్మసిస్ట్‌ని కూడా అడిగాను. మా ప్రయాణాలకి మూతి వెడల్పు ఫ్లాస్కు, గుడ్డలో చుట్టిన జెల్ ప్యాక్ చాలు అని తేలింది. అమ్మ అయితే "ముందే నన్నడిగితే నేను చెప్పేదాన్నిగా" అంది.

డబ్బా మాత్రం వదల్లేదు. నా సోల్డర్ పేస్ట్ (ఎలక్ట్రానిక్ భాగాలని బోర్డుకి అతికించే ముద్ద) డబ్బా ఇంట్లో ఫ్రిజ్‌లో పెడితే రోజూ గొడవ. 2 నుంచి 10 మధ్య ఉంచమని దాని మీద రాసుంది. ఇది బల్ల మీద అడాప్టర్‌తోనే నడుస్తుంది కాబట్టి బ్యాటరీ బెంగ లేదు. టవర్ కూలర్ పెట్టాను, 25 మిల్లీమీటర్ల దిమ్మె కోయించాను, గోడ 5 సెంటీమీటర్లు చేశాను, బోల్టులకి నైలాన్ వేశాను. 9 వోల్టుల మీద లోపల 6 దగ్గర నిలబడింది, బయటి సింక్ చెయ్యి పెడితే గోరువెచ్చగా ఉంది. చల్ల ఫిన్ల కింద రోజూ కాస్త నీరు చేరుతోంది, అదొక్కటే చిరాకు. దానికేం చెయ్యాలి? వోల్టేజ్ జరపడానికి థర్మిస్టర్ (వేడి కొలిచే బుల్లి సెన్సర్) ఎక్కడ పెట్టాలి?

---

రాగిపలక

6 వచ్చిందంటే మంచి పనితనం. దిమ్మె చుట్టూ ఫోమ్ బాగా కూరి ఉంటారు.

నీరు గాలిలోని తేమే. మూత తీసినప్పుడల్లా కొత్త తేమ వస్తుంది, చల్ల ఫిన్ మీద వాలుతుంది. మూత రబ్బరు సరిగా అంటుకుంటోందో లేదో చూడండి, కాగితం ముక్క మూతలో పెట్టి మూసి లాగితే ఊడి రాకూడదు. ఫిన్ల కింద చిన్న పళ్లెం పెట్టండి, లోపల ఒక సిలికా జెల్ సంచీ వెయ్యండి. ఫిన్ల మీద మంచు పేరుకోనివ్వకండి, మంచు పొర గాలి దారిని మూసేస్తుంది.

థర్మిస్టర్లు రెండు. ఒకటి పేస్ట్ డబ్బాకి టేపుతో అంటించండి, వోల్టేజ్ జరపాల్సింది దాన్ని చూసి. రెండోది ఫిన్ అడుగున. అది సున్నా కిందకి వెళ్తే వోల్టేజ్ 7 దాకా దించేలా పెట్టుకోండి. బయటి ఫ్యాను ఆగితే పలకకి కరెంటు కట్టయ్యేలా సింక్ మీద 70 డిగ్రీల థర్మల్ స్విచ్ కూడా ఒకటి వెయ్యండి, అది లేకుండా రాత్రంతా వదిలెయ్యకండి.

పేస్ట్ బయటికి తీసిన వెంటనే మూత తిప్పకండి. గది వేడికి వచ్చేదాకా, కొన్ని గంటలైనా సరే, మూసే ఉంచండి. తొందరపడితే ఫిన్ల మీద చేరుతున్న నీరే పేస్ట్ మీదా చేరుతుంది, ఓవెన్‌లో పెట్టగానే చిటపటలాడి సోల్డర్ బంతులు బోర్డంతా ఎగురుతాయి.